కొట్లో కొనే మ్యాజిక్ ఐటమ్‌కి డబ్బు పెట్టొచ్చా, వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ బడి వార్షికోత్సవాలకి, పుట్టినరోజులకి, వినాయక చవితి పందిళ్లకి ఇంద్రజాలం చేస్తుంటాను. ప్రోగ్రాం అయిపోయి సామాను సర్దుకునేటప్పుడు ఎవరో ఒక కుర్రాడు పక్కన వచ్చి నిలబడతాడు. “అన్నా, ఇది యాడ దొరుకుద్ది? ఎంత?” అంటాడు. కావలి నుంచి, ఒంగోలు నుంచి వచ్చే ఫోన్లూ ఇవే. ఏది కొనాలని అడిగేవాళ్లు కొందరు. కొన్నది ఎందుకు మూలన పడిందని అడిగేవాళ్లు అంతకన్నా ఎక్కువ. విడివిడిగా అందరికీ చెప్తూ వచ్చిన జవాబుల్ని ఒకచోట పెడుతున్నాను.

ఇప్పుడు అమ్మకంలో ఉన్న కొత్త ఐటమ్‌ల గుట్టు ఇక్కడ విప్పను, అది కనిపెట్టినవాళ్ల కూడు. దశాబ్దాలుగా పిల్లల మ్యాజిక్ పెట్టెల్లో కూడా వస్తున్న పాతవాటి సంగతి మాత్రం అవసరమైనంత చెప్తాను.

ఒక ఐటమ్ కొనదగ్గదో కాదో తేల్చుకోవడానికి ముందు ఏం చూడాలి?

దాన్ని చూసినవాళ్లు ఇంటికెళ్లి ఏం చెప్పుకుంటారో మీరే ఒక వాక్యంలో చెప్పి చూడండి. “మనసులో అనుకున్న ముక్క పేరు చెప్పాను, కట్టలో అదొక్కటే తిరగబడి ఉంది.” “మూడు తాళ్లు మూడు పొడుగులుంటే కళ్లముందే సమానమైపోయాయి.” ఇట్టా చెప్పగలిగితే అందులో పస ఉన్నట్టే. “ఒక డబ్బా, దాంట్లో ఇంకో డబ్బా, దానికొక కిటికీ, ఆ కిటికీలో పాచిక, అటు తిప్పితే...” అని సాగుతోందంటే చూసినవాడికి డబ్బా గుర్తుంటుంది, మ్యాజిక్ గుర్తుండదు. డబ్బా మీద అనుమానం మాత్రం గట్టిగా ఉండిపోతుంది.

రెండో పరీక్ష దీనికన్నా ముఖ్యం. గుట్టు మీకు ఇప్పుడే ఎవరో ఊరికే చెప్పేశారనుకోండి. అప్పుడు కూడా ఆ వస్తువుకి డబ్బు పెట్టి కొంటారా? కొంటానంటే అది మీకు పనిముట్టు. కొననంటే, మీకు కావలసింది గుట్టు తెలుసుకోవడం ఒక్కటే. ఆ కోరిక తప్పేం కాదు. కానీ పార్శిల్ విప్పిన అయిదు నిమిషాల్లో అది తీరిపోతుంది, వస్తువు బీరువా మీదికి చేరుతుంది. నా దగ్గరికి వచ్చే “మోసపోయానన్నా” అనే ఫోన్లలో సగానికి పైగా ఇదే కథ.

వీడియోలో చూస్తే కళ్లు చెదిరిపోయాయి. అట్టాగే ఉంటుందా?

డబ్బు కట్టేముందు ఆ వీడియోని ఇంకో మూడుసార్లు చూడండి. ఒక్కోసారి ఒక్కో సంగతి కోసం చూడాలి.

మొదటిసారి చేతుల్ని చూడండి. అసలు విచిత్రం జరగడానికి కాస్త ముందు కెమెరా మారిందా? చేయి తెర అంచు దాటి కిందికి వెళ్లొచ్చిందా? వెళ్లొచ్చిన చేయి ఏదో పని చక్కబెట్టుకునే వచ్చి ఉంటుంది. వీడియోలో తెర అంచు దాన్ని దాచింది. మీరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి చేసేటప్పుడు ఆ అంచు ఉండదు. మీ జేబు, మీ తొడ, మీ మోచేయి అన్నీ జనానికి కనపడుతూనే ఉంటాయి.

రెండోసారి మొదలూ చివరా చూడండి. నాణెం మాయమైంది, వీడియో ఆగిపోయింది. ఆ తర్వాత ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూపించాడా? చూపించకుండానే ఆపేస్తే చేతిలో బయటపెట్టకూడనిది ఏదో మిగిలిందని లెక్క. మనం చేసేటప్పుడు వీడియో ఆగదు. ఎదురుగా ఉన్న పిల్లాడు “చెయ్యి చూపించంకుల్” అంటాడు.

మూడోసారి మొహాలు. చూసేవాళ్లు నోళ్లు తెరవడం, కేకలు పెట్టడం, పరిగెత్తడం వీడియోలో ఎక్కువ భాగం ఉండి, ఐటమ్ మాత్రం నాలుగు సెకన్లు కనపడితే నేను కొనను. మంచి ఐటమ్ అమ్మేవాడికి దాన్ని మొదటినుంచి చివరిదాకా కోత లేకుండా ఒక్కసారైనా చూపించే ధైర్యం ఉంటుంది.

ప్రకటనలో మాటలు కూడా తూకం వేసుకోవాలి. “చూసేవాళ్లకి ఇచ్చి పరీక్ష చేయించొచ్చు” అని ఉంటే ఎప్పుడు అని అడగండి. ముందు ఇవ్వొచ్చా, అయిపోయాక ఇవ్వొచ్చా, లేక దానిలాగే ఉండే మామూలు వస్తువుని ఇవ్వాలా? మూడూ వేరువేరు. మూడోదైతే ఇచ్చే క్షణంలో రెంటినీ మార్చే పని మీ మీద పడుతుంది. ఆ పని పెట్టెలో రాదు. “సాధన అక్కర్లేదు” అన్న మాటకి అర్థం చేతివేళ్లకి కష్టం లేదని మాత్రమే. మాటలు, నడక, ఎప్పుడు చూపించాలి, ఎప్పుడు ఆపాలి, వీటికి సాధన ఏ ఐటమ్‌కైనా కావాల్సిందే.

ఎగ్జిబిషన్‌లో అమ్మేవాడు చేస్తే అద్భుతంగా ఉంది. ఇంటికొచ్చి నేను చేస్తే రాలేదు. వేరే ప్యాకెట్ ఇచ్చాడా?

చాలావరకు అదే ప్యాకెట్. నా మొదటి కొనుగోలు గురించి చెప్తే ఈ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

నాకు పదేళ్లప్పుడు మా నాన్న నెల్లూరు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాడు. మిరపకాయ బజ్జీల కొట్టుకీ రంగులరాట్నానికీ మధ్య ఒకాయన స్టూలు మీద ఎర్రగుడ్డ పరిచి పేక కట్ట చూపిస్తున్నాడు. బొటనవేలితో పేజీలు తిప్పినట్టు సర్రున వదిలితే అన్నీ వేరువేరు ముక్కలు. ఒకసారి ఊది మళ్లీ వదిలితే అన్నీ ఆఠీను పదులే. నేను కదల్లేదు. మా నాన్న జేబులోంచి డబ్బు తీసేదాకా ఆ ఎర్రగుడ్డ దగ్గరే నిలబడ్డాను. ఇంటికొచ్చి రాత్రి పన్నెండు దాకా ప్రయత్నించాను. నా బొటనవేలి కింద ముక్కలు ముద్దగా పడ్డాయి, రెండు మూడు ఎగిరి మంచం కిందికి పోయాయి. తెల్లారి మా పెదనాన్న కొడుకు కట్ట లాక్కుని రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, “ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది రా” అన్నాడు. అంతే, అయిపోయింది.

దాన్ని స్వెంగాలి డెక్ అంటారు. వందేళ్లకి పైగా వాడుకలో ఉంది, ఇప్పటికీ మంచి ఐటమే. ఒకదాని తర్వాత ఒకటిగా పొట్టి ముక్క, మామూలు ముక్క పేరుస్తారు, పొట్టివన్నీ ఒకే ముక్క. తేడా చాలా చిన్నది, వేలికొస మాత్రమే పట్టగలదు. ఆ ఎగ్జిబిషన్ ఆయన వేలికొసకి ఆ తేడా రోజుకి కొన్ని వందలసార్లు తగిలేది. ఇంకా చాలా చేశాడాయన. కట్టని ఎవరి చేతికీ ఇవ్వలేదు, ఇవ్వలేదని ఎవరికీ తోచనివ్వనూ లేదు. ఎవరైనా చేయి చాపబోతే అప్పుడే “అబ్బయా, నువ్వు ఊదు” అని పని అప్పజెప్పేవాడు. ఇది పెద్దయ్యాక అర్థమైంది. అమ్మకానికి పెట్టింది ముక్కల్ని, మేం చూసింది ఆయన్ని.

కాబట్టి కొట్టులో చూపించినప్పుడు రెండు విన్నపాలు చేయండి. “కాస్త నెమ్మదిగా ఇంకోసారి చేస్తారా?” అనేది ఒకటి. నెమ్మదిగా చేసినా బాగుంటే ఆ ఐటమ్‌లో సత్తువ ఉంది. రెండోది, ఆయన ఏ చోట నిలబడి చేశాడో అక్కడి నుంచి కాకుండా పక్కకి జరిగి చూడండి. పక్కకి జరగనివ్వకపోతే జవాబు వచ్చినట్టే.

గుట్టు తెలియగానే “ఇంతేనా” అనిపించింది. డబ్బు దండగేనా?

అట్టా అనిపించడం ఐటమ్ చెడ్డదనడానికి గుర్తు కాదు. చాలా మంచి ఐటమ్‌ల గుట్టు చాలా చిన్నది. ఒక అయస్కాంతం, ఒక దారం, ఒక సంచికి రెండో అర. థంబ్ టిప్‌నే తీసుకోండి. బొటనవేలికి తొడిగే డొల్ల ప్లాస్టిక్ తొడుగు. మొదటిసారి చూసినవాడు “ఇది పెట్టుకుంటే ఎవడికి కనపడదు?” అంటాడు. నేనూ అట్టాగే అన్నాను. రుమాలు గుప్పిట్లో దోపి, వేళ్లు విప్పి ఖాళీ చేతులు చూపిస్తే నాలుగడుగుల దూరంలో కూర్చున్న పెద్దమనుషులకి కనపడలేదు. వాళ్లు రుమాలు ఎటుపోయిందా అని చూస్తున్నారు, నా బొటనవేలు వాళ్లకెందుకు? ప్రపంచంలో పేరున్న మెజీషియన్లు వాడేదీ అదే తొడుగు.

అందుకని నా లెక్క ఇది. పార్శిల్ విప్పాక వారం రోజులు తీర్పు చెప్పకండి. అద్దం ముందు యాభైసార్లు చేయండి, ఇంట్లో ఒకరికి, బయట ముగ్గురికి చూపించండి. వాళ్ల మొహం చూసి తేల్చండి.

నిజంగా దండగైనవి వేరే ఉన్నాయి. రాసింది ఒకటి, పెట్టెలో వచ్చింది ఇంకొకటి అయితే దండగ. “ఎక్కడైనా చేయొచ్చు” అని చెప్పి, ఒకవైపు గోడ, ఇంకోవైపు చీకటి ఉంటేనే కుదిరే ఐటమ్ పంపితే దండగ. ఒకసారి నేను ఆన్‌లైన్‌లో గాల్లో తేలే ఐటమ్ తెప్పించాను. పేరు చెప్పను. వచ్చింది సన్నటి దారం చుట్ట, ఒక మైనం బిళ్ల, ఇంగ్లీషులో నాలుగు లైన్ల కాగితం. దారంతో గొప్ప ఐటమ్‌లు ఉన్నాయి, దారానికి నేను వ్యతిరేకిని కాను. కానీ దానికి ఏ వెలుతురు కావాలి, వెనక ఏ రంగు ఉండాలి, దారం ఎట్టా కట్టాలి, తెగితే ఏం చేయాలి, ఒక్క ముక్క లేదు. అక్కడ అమ్మింది ఐటమ్ కాదు, పేరు.

మా దగ్గర జనం చుట్టూ కూర్చుంటారు. ఏ ఐటమ్‌లు పనికొస్తాయి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు చాలా గౌరవం. మన దగ్గర ఐటమ్ కొనేవాడు మొట్టమొదట ఆలోచించాల్సింది ఇదే, ఎక్కువమంది మరిచిపోయేదీ ఇదే.

చాలా ఐటమ్‌లు స్టేజీని తలుచుకుని తయారుచేసినవి. ఎదురుగా కుర్చీలు, వెనక తెర, పైన లైటు. మన పుట్టినరోజులు అట్టా ఉండవు. హాల్లో సోఫాలు గోడవారగా మూడు పక్కలా ఉంటాయి, పిల్లలు నేల మీద కూర్చుంటారు. కింద కూర్చున్న పిల్లాడికి మీ అరచేయి కింది వైపు కనపడుతుంది. పల్లెల్లో అయితే అరుగు మీద చేస్తుంటే పది మంది మన వెనకే నిలబడతారు, జరగమంటే “ఏం కాదులే, మేం చూడం” అంటారు. పందిట్లో ట్యూబులైట్లు తలమీదే ఉంటాయి, దారాలు మెరుస్తాయి. ఆరుబయట పగటి పూట గాలికి తేలికైన సిల్కు రుమాళ్లు ఎగిరిపోతాయి.

కాబట్టి ఏ ఐటమ్ కొనబోతున్నా వెనకున్న మనిషిని తలుచుకోండి. మీ భుజం మీదుగా చూసేవాడికి ఏం కనపడుతుంది? లోపల అద్దం దాచిన పెట్టె అయితే అయిపోయింది. అద్దాన్ని పక్కనుంచి చూస్తే అందులో ఎదురు గోడకున్న క్యాలెండర్ కనపడుతుంది. అరచేతిలో దాచే బంతి అయితే వెనకవాడికి దొరికిపోతుంది. తాళ్ల ఐటమ్, స్పాంజి బంతుల ఐటమ్‌లో బంతి పిల్లాడి గుప్పిట్లోనే రెండయ్యే భాగం, చేంజ్ బ్యాగ్ (లోపల ఇంకో అర దాచి ఉండే సంచి), మ్యాజిక్ రంగుల పుస్తకం (తిప్పుతుంటే ఖాళీ పేజీల్లో బొమ్మలూ రంగులూ వచ్చేది), ఇవి దాదాపు ఏ వైపు నుంచైనా నిలబడతాయి. నా పెట్టెలో పదేళ్లుగా ఉన్నవి ఇవే.

అమ్మేవాణ్ణి సూటిగా అడగొచ్చు. “ఎడమ పక్కా కుడి పక్కా మనుషులుంటే కుదురుద్దా? వెనక ఉంటే?” నిజాయితీ ఉన్నవాడు కుదరదనే చెప్తాడు. అట్టా ఒకసారి వద్దన్న కొట్టాయన దగ్గరే నేను ఆ తర్వాత చాలా కొన్నాను.

వస్తువు నాణ్యత ఎట్టా చూడాలి?

చేత్తో పట్టుకుని చూసే వీలుంటే తొందరపడొద్దు. థంబ్ టిప్ అయితే రంగు చూడండి. చాలావరకు గులాబీ రంగులో వస్తాయి, మన చేతికి అది దూరం నుంచే తెలిసిపోతుంది. కొంచెం ముదురు రంగుది అడగండి, దొరక్కపోతే మెరుపు చంపేలా సన్నటి కాగితంతో రుద్ది రంగు వేసుకోవచ్చు. సైజు కూడా ముఖ్యం. బిగుతుగా ఉంటే రాదు, వదులుగా ఉంటే రుమాలుతోపాటు ఊడి వస్తుంది.

చేంజ్ బ్యాగ్ అయితే లోపలి అర మారేటప్పుడు టక్కుమని చప్పుడొస్తుందేమో వినండి. లోపలి గుడ్డ కుట్టు సంచి పైనుంచి గీతలా కనపడకూడదు. సిల్కులంటే అసలైన పట్టు చిన్న చోట ఇమిడిపోతుంది, వదలగానే పువ్వులా విచ్చుకుంటుంది. పాలిస్టర్‌ది అదే సైజుకి రెండింతలు చోటు తింటుంది. గొట్టాలు, డబ్బాలు అయితే లోపలి నలుపు రంగు గోటికి ఊడొస్తుందేమో చూడాలి. లోపల నలుపు పోయి రేకు మెరిసిందంటే ఆ ఐటమ్ పని అయిపోయింది.

మన వాతావరణాన్ని కూడా కలుపుకోవాలి. రోహిణీ కార్తెలో కారు డిక్కీలో వదిలేసిన సామాను గురించి చెప్తే బాధేస్తుంది. రబ్బరు లాగుడు ఉన్న ఐటమ్‌లు సాగిపోతాయి, జిగురు కారుతుంది, మైనం కరుగుతుంది, స్పాంజి బంతులు కొన్నాళ్లకి పొడిపొడిగా రాలతాయి. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే పేక ముక్కలు తేమకి ఉబ్బి అతుక్కుంటాయి. గరుకు పూత ఉండే కట్టలు ఇంకా త్వరగా పాడవుతాయి. 1936లో జో బెర్గ్ అనే మెజీషియన్ మొదలుపెట్టిన తరహా కట్ట, అనుకున్న ముక్క తిరగబడి కనపడేది, ఆ పూత మీదే ఆధారపడుతుంది. రేకు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టుకోండి. రబ్బరుతో నడిచే ఐటమ్ అయితే మారు రబ్బరు ఇస్తున్నాడా, బయట దొరుకుతుందా అని కొనేముందే కనుక్కోండి.

పేక ఐటమ్‌కి ఏ కట్ట తీసుకోవాలి?

గిమ్మిక్ కట్ట, అంటే గుట్టు దాచి తయారుచేసిన కట్ట, ఏ కంపెనీదో అదే వీపు డిజైన్, అదే రంగున్న మామూలు కట్ట ఒకటి పక్కన ఉండాలి. అది దొరకని గిమ్మిక్ కట్ట కొనొద్దు. సైజులు రెండు: పోకర్ సైజు రెండున్నర అంగుళాల వెడల్పు, బ్రిడ్జి సైజు రెండుంపావు, పొడుగు రెంటికీ మూడున్నరే. మన కొట్లలో దొరికేవి ఎక్కువగా సన్నవి. మెజీషియన్లు ఇష్టపడే అమెరికా బైసికిల్ బ్రాండు కట్టలు వెడల్పువి.

ఇక్కడొక మాట. రమ్మీ ఆడే పెద్దవాళ్ల మధ్య గిమ్మిక్ కట్ట తీయడం సాహసం. ముక్కలు పంచీ పంచీ ఉన్న చేతులవి, ఒక్కసారి తాకితే తేడా పట్టేస్తాయి. అక్కడ మామూలు కట్టతో చేసే ఐటమ్ ఒకటి నేర్చుకుని ఉంచుకోండి. కొంతమంది ఇళ్లలో శుభకార్యానికి పేక తీయడమే ఇష్టపడరు, అది కూడా కొనేముందు లెక్కలోకి తీసుకోవాలి.

నాణేల గిమ్మిక్కులు విదేశీ నాణేలతో వస్తున్నాయి. తీసుకోవచ్చా?

వద్దనే అంటాను. చేతిలో ఉన్నది అమెరికా అర డాలరో మెక్సికో సెంటావో అయితే మన చూపరులకి ఆ నాణెమే విచిత్రం, అది మాయమవడం విచిత్రం కాదు. “అదేదో తయారుచేసిన నాణెం” అని ముందే అనేసుకుంటారు. వాళ్ల జేబులోని అయిదు రూపాయల బిళ్లతో చేసింది వాళ్లకి పదేళ్లు గుర్తుంటుంది. అలాగని మన నాణేల్ని కోయించుకుని గిమ్మిక్ చేయించుకోవద్దు. నాణేల్ని కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం కింద నేరం. నాణేలకి హస్తలాఘవమే మేలు, దానికి ఖర్చు లేదు.

రేటు ఎక్కువో తక్కువో ఎట్టా తెలుస్తుంది?

పెట్టెలో ఉన్న రేకునీ గుడ్డనీ తూచి రేటు చూడొద్దు. ఎన్నిసార్లు చేస్తారో దాంతో భాగించండి. 1,500 రూపాయల ఐటమ్ ఏడాదిలో 30 ప్రోగ్రాంలలో చేస్తే ఒక్కోసారికి 50 రూపాయలు. 300 రూపాయలది ఒకేసారి చేసి పక్కన పడేస్తే ఆ ఒక్కసారికి 300. తర్వాత మళ్లీ మళ్లీ కొనాల్సింది ఏముందో చూడండి. నోట్లోంచి తీసే రంగుకాగితాల చుట్ట ప్రతిసారీ కొత్తది కావాలి, దారం తెగుతుంది. ఆ ఖర్చు ప్రోగ్రాం డబ్బులోంచే పోతుంది.

సర్దుకోవడానికి పట్టే సమయం కూడా డబ్బే. వరసగా రెండు ప్రోగ్రాంలు ఉన్నరోజు, ఒకదానికి పట్టుమని పది నిమిషాలు గదిలో కూర్చుని మళ్లీ సిద్ధం చేసుకోవాల్సిన ఐటమ్ నేను పెట్టెలో వేసుకోను.

పెద్ద సామాను కొంటే ప్రోగ్రాం పెద్దదవుతుందా?

మనిషిని రంపంతో కోసే ఐటమ్‌ని సెల్బిట్ అనే ఆయన 1921లోనే లండన్‌లో జనం ముందు చేశాడు. ఆ తర్వాత ఎంతోమంది చేశారు. 1956 ఏప్రిల్ 9న మన పి.సి. సర్కార్ బీబీసీ టెలివిజన్‌లో అదే తరహా ఐటమ్ చేశారు. కోత అయ్యాక అమ్మాయి చేతులు రుద్దారు, పిలిచారు, పలకలేదు. మొహం మీద గుడ్డ కప్పారు. అంతలో కార్యక్రమం సమయం అయిపోయింది. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. రంపం అప్పటికే పాతది. పలకని ఆ కొన్ని క్షణాలే కొత్తవి, అవి ఏ కొట్టులోనూ దొరకవు. పైగా పెద్ద పెట్టె ఆటోలో పట్టదు, మనిషి సాయం కావాలి, ఇంట్లో చోటు కావాలి. ఆత్మకూరు బస్సు పైన వేసుకెళ్లిన పెట్టెకి ఒక తలుపు వంగితే చాలు, ఆ రోజు ప్రోగ్రాం పోయినట్టే.

కొనకుండా మనమే చేయించుకోవచ్చా?

చాలా వాటిని చేయించుకోవచ్చు, చేయించుకుంటే ఆ ఐటమ్ మీద ప్రేమ కూడా పెరుగుతుంది. తాళ్ల ఐటమ్‌కి మెత్తటి పత్తి తాడు మూడు మీటర్లు చాలు. గుడ్డు మాయమయ్యే సంచిని మా వీధి టైలరమ్మ నాకు కుట్టిపెట్టింది, కొట్లో వచ్చినదానికన్నా కుట్టు సన్నం.

నాకు బాగా ఇష్టమైనది పలకల ఐటమ్. రెండు ఖాళీ పలకలు రెండువైపులా చూపించి, ఒకదానిమీద ఒకటి పెట్టి, కాసేపటికి విప్పితే లోపల సుద్దతో రాసిన అక్షరాలుంటాయి. కొట్టులో దొరికే పలకలు ప్లాస్టిక్ చట్రంతో, నిగనిగలాడుతూ, బొమ్మ పలకల్లా ఉంటాయి. ఇప్పుడు పలక పట్టేవాళ్లు తక్కువైనా మన ప్రాంతంలో యాభై దాటినవాళ్లందరి చేతులకీ మార్కాపురం రాతి పలక తెలుసు. ఆ బరువు, చల్లదనం, చెక్క చట్రం మూలల్లో రేకు బిగింపు, బలపం గీస్తే వచ్చే కీచుమనే చప్పుడు. అట్టాంటి పలకలే రెండు సంపాదించి, లోపలికి సరిపోయే పలచటి రేకు ముక్క కోయించాను. దానికి రాతి రంగు రావడానికి నల్లరంగులో బూడిద కలిపి నాలుగుసార్లు పూసి ఆరబెట్టాల్సి వచ్చింది. నలుపు అనుకుంటాం గాని పలక నలుపు కాదు, మబ్బు పట్టిన ఆకాశం రంగు. మొదటి రెండుసార్లు రేకు చట్రానికి తగిలి గలగలమంది. అంచుకి సన్నటి గుడ్డపట్టీ అంటించాక చప్పుడు పోయింది. ఒక బడిలో రిటైరైన మాస్టారికి ఆ పలక చేతికిచ్చి, ఆయన చిన్నప్పటి మొదటి అక్షరాలు “ఓం నమః” అందులో కనపడేలా చేశాను. ఆయన చాలాసేపు ఆ పలకని వదల్లేదు. ప్లాస్టిక్ పలకతో అది జరిగేది కాదు.

చేయించుకోకూడనివి కూడా ఉన్నాయి. కొత్తగా ఒకరు కనిపెట్టి అమ్ముతున్న ఐటమ్‌ని చూసి నకలు చేయించుకోవడం దొంగతనమే. నకలు చవకగా అమ్మేవాళ్ల దగ్గర కొన్నా అంతే. నకలుతో పాటు నేర్పే పాఠం రాదు కాబట్టి మీకూ నష్టమే.

మా తొమ్మిదేళ్ల బాబు “100 ట్రిక్స్” పెట్టె అడుగుతున్నాడు. కొనమంటారా?

ఆ వందలో ఒకే గిన్నెతో చేసేవి పది, అగ్గిపుల్లల పొడుపుకథలు ఇరవై అట్టా లెక్క కలిపి ఉంటాయి. ప్లాస్టిక్ కూడా నాసిగా ఉంటుంది. ఆ డబ్బుకి తాడు, స్పాంజి బంతులు, ఒక మంచి పేక కట్ట కొనండి. కప్పులూ బంతుల ఐటమ్ కొనివ్వగలిగితే మరీ మంచిది. మన గారడీవాళ్లు చెట్టుకింద కూర్చుని తరతరాలుగా చేసింది అదే. పక్కన కూర్చుని మీరూ నేర్చుకోండి, ఒంటరిగా నేర్చుకునే పిల్లాడు త్వరగా వదిలేస్తాడు.

పెట్టెలే కొంటే చిన్న బటన్ అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు ఉన్నాయేమో తప్పక చూడండి. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే అవి వద్దు. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి.

ఫ్లాష్ పేపర్, నిప్పు ఐటమ్‌లు?

కొత్తవాళ్లకి వద్దు. ఫ్లాష్ పేపర్ అంటే నైట్రోసెల్యులోజ్ కాగితం, క్షణంలో భగ్గుమంటుంది. తాటాకు పందిళ్లు, పాలిస్టర్ గౌన్లు వేసుకున్న పిల్లలు, బెలూన్లు ఉన్న చోట అసలే వద్దు. మామూలు కొరియర్‌లో పంపిస్తామనే అమ్మకందారు దగ్గర మిగతావి కూడా కొనకండి.

సైన్సు పాఠానికి మ్యాజిక్ వాడాలనుకుంటున్నాను. ఏ సెట్ కొనాలి?

ఏదీ వద్దు మాస్టారూ. పసుపు రాసిన కాగితం మీద సున్నపు నీళ్లు చల్లితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది. జన విజ్ఞాన వేదిక వాళ్లు మహిమల గుట్టు విప్పేటప్పుడు చూపించేవి ఎక్కువగా ఇట్టాంటి ఇంటి సరుకులతోనే. “వశీకరణ ఉంగరం”, “తలరాత చెప్పే సెట్” అని అమ్మేవి ఎవరు తెచ్చినా వెనక్కి పంపండి. ఇంద్రజాలాన్ని శక్తి అని చెప్పి అమ్మేవాడు మా వృత్తికి పరాయివాడు.

ఎక్కడ కొనాలి, తేడా వస్తే ఏం చేయాలి?

వీలుంటే మనిషిని చూసి, వస్తువుని తాకి కొనండి. నెల్లూరు నుంచి చెన్నై రైల్లో మూడు గంటల లోపే, పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. ఆన్‌లైన్ అయితే పార్శిల్ విప్పడం మొదటినుంచీ ఫోన్‌లో వీడియో తీసుకోండి. మ్యాజిక్ కొట్లలో గుట్టు తెలిశాక వెనక్కి తీసుకోం అనే షరతు మామూలే, అది న్యాయమే. కానీ విరిగి వస్తే, చెప్పినది కాక వేరేది వస్తే ఆ షరతు చెల్లదు. ముందు అమ్మినవాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి, పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు.

వాడని ఐటమ్‌లు ఇంట్లో పేరుకుపోయాయి. ఏం చేయను?

ఒక ఆదివారం అన్నీ నేల మీద పరవండి. ఏడాదిగా తాకనివి ఒక పక్కకి తీయండి. అందులో ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని మొదటి ప్రశ్న మళ్లీ అడగండి: చూసినవాళ్లు దీని గురించి ఏం చెప్పుకుంటారు? జవాబు బాగుంటే అది మళ్లీ పెట్టెలోకి. మిగతావి సూచనల కాగితంతో సహా, ఏది విరిగిందో ఏది లేదో దాచకుండా చెప్పి, కొత్తగా నేర్చుకునేవాళ్లకి సగం ధరకి ఇచ్చేయండి. ఇచ్చేముందు వాళ్లకి ఒక్కసారి చేసి చూపించండి, నెమ్మదిగా, పక్కన నిలబడి చూడనిచ్చి.